బందరు పాత బ్యాంకు మేడ: బేరం నుంచి గచ్చు పని దాకా ప్రాజెక్టు డైరీ

జనవరి: అమ్మకానికి వచ్చిన మేడ

మచిలీపట్నంలో ఒకప్పుడు చిన్న ప్రైవేటు బ్యాంకు శాఖ నడిచిన రెండంతస్తుల మేడ సంక్రాంతి తరువాత అమ్మకానికి వచ్చింది. కలంకారీ బట్టల వ్యాపారం చేసే మా అన్నయ్య, పెడనలో అద్దించిన సరుకును కొనేవారికి తీరిగ్గా పరిచి చూపించడానికి తగిన చోటు కోసం చాలాకాలంగా వెతుకుతున్నాడు. పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి కనుక, ఈ మేడ కొనదగినదో కాదో తేల్చి చెప్పే బాధ్యత నాకు అప్పగించాడు. బేరం దగ్గర మొదలుపెట్టి ఇప్పటివరకు జరిగిన పనిని నెలల వారీగా రాసి ఉంచుతున్నాను. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇలాంటి మేడలు చేతికి వచ్చినవారికి మా పరీక్షలు, మేము తీసుకున్న నిర్ణయాలు, వాటి వెనక ఉన్న కారణాలు పనికివస్తాయని నా ఆశ. మేడ ఏ వీధిలో ఉన్నదీ, అందులో నడిచిన బ్యాంకు ఏదీ రాయవద్దని అమ్మినవారు కోరారు కనుక ఆ రెండూ ఇక్కడ ఉండవు.

మధ్యవర్తి మాకు చెప్పిన ధర పూర్తిగా స్థలానిది. గజానికి ఇంత అని లెక్క కట్టాడు, మేడకు విలువే వేయలేదు, పైగా కూల్చివేత ఖర్చు కొనేవారి మీదే పడుతుంది కనుక యజమానులు కొంత తగ్గిస్తారని కూడా చెప్పాడు. మన పట్టణాల్లో పాత మేడల అమ్మకాలు చాలావరకు ఈ పద్ధతిలోనే సాగుతున్నాయి. కప్పు కింద నిలబడి తల ఎత్తితే బర్మా టేకు దూలాలు కనిపిస్తున్నాయి. వరండాలో ఇటుకతో కట్టి గచ్చు చేసిన గుండ్రటి స్తంభాలు ఇప్పటికీ నిటారుగా ఉన్నాయి. నగదు కిటికీ ముందు, ఏళ్ల తరబడి జనం నిలబడిన చోట, కడప బండ అరచేతి లోతున కాకపోయినా వేలితో తడిమితే తెలిసేంతగా అరిగి పల్లమయింది. వీటన్నింటినీ చెత్తగా లెక్కగట్టి, ఎత్తిపోసే ఖర్చు రాసుకునే లెక్క నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

ఈ ఊళ్లో పాత బ్యాంకు మేడ ఉండడం సహజమే. 1902లో కృష్ణా పత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల మొదలైన బందరులోనే భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును స్థాపించారు; లక్ష రూపాయల చెల్లింపు మూలధనంతో 1923 నవంబరు 28న అది వ్యాపారం ప్రారంభించింది. ఆ కాలంలో ఇలాంటి ఊళ్లలో చిన్న చిన్న బ్యాంకులు మరికొన్ని కూడా నడిచాయి. 1960లో కేరళలోని పాలాయ్ సెంట్రల్ బ్యాంకు కుప్పకూలిన తరువాత పరిస్థితి మారింది. 1962 జనవరి 1 నుంచి డిపాజిట్లకు బీమా వచ్చింది, బలహీనంగా ఉన్న చిన్న బ్యాంకులను పెద్దవాటిలో కలిపే పని వేగం పుంజుకుంది. బందరుకే చెందిన భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆ ఆంధ్రా బ్యాంకు కూడా 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైంది. రెండు బ్యాంకులు ఒకటైతే ఒకే ఊళ్లో రెండు శాఖలు అవసరం ఉండదు కనుక ఒక మేడ ఖాళీ అవుతుంది. మా మేడ కూడా ఆ విలీనాల రోజుల్లోనే ఖాళీ అయి, తరువాత చాలా ఏళ్లు ఎరువుల గోదాముగా ఉంది. ఈ రెండో సంగతిని అమ్మినవారు మాటవరసకు చెప్పారు గాని, మా పని మొత్తాన్ని మలుపు తిప్పింది అదే.

ఫిబ్రవరి: కాగితాలు

భవనాన్ని ముట్టుకోకముందు కాగితాలు చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందరి లావాదేవీలకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి పాత పుస్తకాలు వెతికించాలి. స్థలం తాతగారి నుంచి మనవల దాకా దిగివచ్చినది కనుక పంపకాల దస్తావేజులు, వారసుల ధ్రువపత్రాలు, లింకు డాక్యుమెంట్లు అన్నీ ఒక వరుసలో పెట్టి న్యాయవాది చేత చదివించాం. వారసులలో ఒకరు అమెరికాలో ఉన్నారు. ఆయన అక్కడి భారత కాన్సులేటులో ధ్రువీకరించి పంపే పవర్ ఆఫ్ అటార్నీకి, అది మన దేశానికి చేరిన మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు సుంకం కట్టించాలి. ఆ గడువు దాటితే చిక్కులు వస్తాయి కనుక ముందే తేదీ రాసిపెట్టుకున్నాం. తీరప్రాంత నియంత్రణ నిబంధనల సంగతి కూడా చూశాం. సముద్రపు పోటు నీరు చేరే గీత నుంచి 500 మీటర్ల లోపలి స్థలాలకు వర్తించే ఆంక్షలు ఊరి నడుమ ఉన్న ఈ మేడకు వర్తించవు.

ఆ కట్టలో నాకు పెన్నిధి లాంటి కాగితం ఒకటి దొరికింది. అది బ్యాంకు ఈ మేడను అద్దెకు తీసుకున్నప్పటి కౌలు దస్తావేజు. నగదు, విలువైన వస్తువులు దాచే స్ట్రాంగ్ రూమును బ్యాంకు ఇచ్చిన నమూనా ప్రకారం యజమానే కట్టించాలనీ, ఇనుప తలుపు మాత్రం బ్యాంకు సొత్తనీ, ఖాళీ చేసేటప్పుడు తలుపును తీసుకుపోవచ్చు గాని గోడ పగిలితే బాగుచేసి అప్పగించాలనీ అందులో ఉంది. తలుపు ఇప్పటికీ అక్కడే ఎందుకు మిగిలిందో ఆ షరతు చదివాక అర్థమైంది. దస్తావేజుకు కుట్టిన నమూనాలో గోడల మందం, గాలి కోసం వదిలిన సందు, పైకప్పులో వాడవలసిన రైలు పట్టాల వరుస గీసి ఉన్నాయి. గదిలో నిలబడి చూస్తే మాత్రం ఆ గాలి సందు ఎక్కడా కనిపించలేదు.

యజమానులతో రాసుకున్న ఒప్పందంలో, రిజిస్ట్రేషనుకు ముందే గోడలను, కప్పును పరీక్షించుకునే హక్కు మాకు ఉండేలా ఒక షరతు పెట్టించాం. వారిలో పెద్దాయన దానికి సంతోషంగా ఒప్పుకున్నారు. "కూల్చడానికి కాక చూడడానికి వచ్చినవాళ్లు మీరే అమ్మా, ఎక్కడ గోకినా నేనేమీ అనను" అన్నారు.

మార్చి: గోడలు ఏం చెప్పాయి

బయటి నుంచి చూస్తే గోడలకు పెద్ద జబ్బేమీ లేనట్లే ఉంది, ఎందుకంటే గోదాము రోజుల్లో ఎవరో లోపలా బయటా ఛాతీ ఎత్తు దాకా సిమెంటు పూత పూయించారు. ఇబ్బంది ఆ పూతకు పైన కనిపించింది. సిమెంటు ఆగిన గీతకు జానెడు పైన సున్నపు గచ్చు పొంగి, పెచ్చులుగా లేచి, చేయి పెడితే తెల్లటి పొడి రాలుతోంది. పాత ఇటుక గోడ నేలలోని తేమను వత్తి నూనెను పీల్చినట్లు పైకి పీల్చుకుంటుంది. గోడ మీద ఉన్నది సున్నపు గచ్చే అయితే ఆ తేమ కింది భాగంలోనే గాలికి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఆరే దారి మూసుకుపోయి, తేమ ఇంకా పైకి ఎక్కి, సిమెంటు లేని చోట బయటపడుతుంది. తేమతో పాటు వచ్చిన ఉప్పు కూడా అక్కడే పేరుకుంటుంది.

సముద్రానికి దగ్గరి ఊళ్లలో ఈ ఉప్పు ఎలా పనిచేస్తుందో వివరంగా చెప్పడం అవసరం. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చి కరుగుతుంది, అంతకు తగ్గితే మళ్లీ గట్టిపడి పలుకులు కడుతుంది. బందరులో తెల్లవారుజామున గాలి తేమగా ఉంటుంది. వేసవి మధ్యాహ్నం పడమటి గాలి తిరిగితే ఒక్కసారిగా పొడిబారుతుంది. ఇటుక రంధ్రాలలోని ఉప్పు ఇలా మాటిమాటికీ కరిగి, మళ్లీ పలుకులు కట్టి, కట్టిన ప్రతిసారీ రంధ్రపు గోడలను లోపలి నుంచి నెడుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగాక గట్టి ఇటుక కూడా బెల్లపు అచ్చులా గోటికి గీసుకుపోతుంది. అందుకే గోడ తడిగా ఉందా, పొడిగా ఉందా అని చూస్తే సరిపోదు. లోపల ఎంత ఉప్పు ఉంది, అది ఏ ఉప్పు అని కూడా చూడాలి.

పరీక్షకు ఖరీదైన పరికరాలేమీ వాడలేదు. నేల నుంచి అడుగు ఎత్తున, నడుము ఎత్తున, తల ఎత్తున సన్నటి డ్రిల్లు బిట్టుతో గోడను తొలిచి, పైపొర పొడిని, లోపలి పొర పొడిని వేరువేరు పొట్లాలలో పట్టాం. ప్రతి పొట్లం నుంచి ఒకే తూకం పొడి తీసి, ఒకే కొలత డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, తేరనిచ్చి, మంచినీళ్ల ప్లాంటుల్లో వాడే, నీటిలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరుతో కొలిచాం. ఈ అంకె ఉప్పు కచ్చితంగా ఎంతుందో చెప్పదు గాని, ఏ గోడలో ఎక్కువ, ఏ ఎత్తున ఎక్కువ అన్నది స్పష్టంగా చెబుతుంది. ఏ ఉప్పు అని తెలుసుకోవడానికి రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ఒక ల్యాబు సాయం తీసుకున్నాం. కృష్ణా జిల్లా తీరంలో అలాంటి ల్యాబులకు కొదవ లేదు, అమ్మోనియా, నైట్రేటు, క్లోరైడు చూడడం వారికి నిత్యకృత్యం.

వీధి వైపు గోడల్లో దొరికింది ఎక్కువగా క్లోరైడే. నేలలోని ఉప్పునీటి నుంచీ, గాలి మోసుకొచ్చే తుంపర నుంచీ రావలసినదే వచ్చింది. వెనక హాలులోనూ, స్ట్రాంగ్ రూములోనూ మాత్రం నైట్రేటు చాలా ఎక్కువగా కనబడింది. అక్కడ ఎరువుల బస్తాలను గోడకు ఆనించి పేర్చారు. చినిగిన సంచుల నుంచి రాలిన ఎరువు నేల తేమలో కరిగి గోడలోకి ఎక్కింది. నైట్రేటు లవణాలలో కొన్ని మామూలు ఉప్పు కన్నా చాలా తక్కువ తేమకే చెమ్మగిల్లుతాయి కనుక ఆ గోడలు ఎండాకాలంలో కూడా చల్లగా, జిగటగా తగులుతాయి. సముద్రం ఇన్నేళ్లలో ఈ మేడకు చేసిన హాని కన్నా, గోదాముగా ఉన్న కాలంలో ఎరువూ సిమెంటూ కలిసి చేసిన హాని ఎక్కువన్నది నా నిర్ధారణ.

స్ట్రాంగ్ రూము అన్నింటిలోకీ ఎక్కువ జబ్బుపడిన గది. గోడలు మిగతావాటికి రెట్టింపు మందం, కిటికీ లేదు, గాలి సందు కనబడదు. నమూనాలో చూపిన చోట సుత్తితో తట్టుకుంటూ పోతే ఒక చోట డొల్ల శబ్దం వచ్చింది. సిమెంటు ఒలిచి చూస్తే మూత వేసిన సందు బయటపడింది. అది గోడలో నేరుగా కాక, లోపల ఒక ఎత్తున, బయట మరో ఎత్తున తెరుచుకునేలా మధ్యలో వంపు తిరిగి ఉంది. బయటి నుంచి కడ్డీ దూర్చినా లోపలికి అందదు, గాలి మాత్రం ఆడుతుంది. దొంగను ఆపి గాలిని ఆపకుండా కట్టిన మేస్త్రి పనితనానికి నేను చేతులెత్తి దండం పెట్టాను.

ఏప్రిల్: కప్పు

కప్పు మద్రాసు టెర్రస్ పద్ధతిలో కట్టినది. గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలు అనే సన్నటి కర్రలు, దంతెల మీద పలుచని చిన్న ఇటుకలను నిలువుగా పేర్చి, ఐమూలగా సున్నంతో అతికిన వరుస, దాని మీద ఇటుక కంకరను సున్నంలో కలిపి దిమ్మిసలతో కొట్టిన మూడంగుళాల పొర, ఆపైన సున్నంలో పరిచిన బిళ్ల పెంకులు. ఇనుము లేదు, సిమెంటు లేదు. సముద్రపు గాలికి తుప్పు పట్టవలసినదేదీ ఇందులో లేకపోవడం వల్లే ఇంతకాలం నిలబడింది. పక్క వీధుల్లో దీని తరువాత ఎంతో కాలానికి పోసిన కాంక్రీటు స్లాబులు ఇప్పటికే ఊచలు బయటపడి పెచ్చులూడుతున్నాయి.

దూలాలలో చూడవలసినది నడిమి భాగం కాదు, గోడలోకి దూరిన చివరలు. పిట్టగోడ మొదట్లో పగులు వచ్చి వాన నీరు దిగితే, ఆ తడి తగిలేది దూలపు చివరకే. ప్రతి దూలం చివరా సుత్తితో తట్టి, పదునైన మేకుతో పొడిచి చూశాం. ఎక్కువ వాటిలో మేకు గోరంత కూడా దిగలేదు. వాయవ్య మూలన రెండింటిలో మాత్రం పిండిలోకి దిగినట్లు దిగింది. చెదలు కాదు, నానుడు వల్ల వచ్చిన చివుకు. కింద సరుగుడు కర్రలతో ఊతాలు పెట్టి బరువు దించి, చివికిన మేరకు కోసి, కొత్త టేకు ముక్కను ఏటవాలు అతుకుతో కలిపి, రెండు పక్కలా స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీలు బోల్టులతో బిగించవచ్చని అంచనా వేశాం. మామూలు ఇనుప బోల్టులు ఇక్కడ వాడితే కొన్నేళ్లకే తుప్పు ఉబ్బి, కర్రనే చీలుస్తుంది.

మెట్ల పక్కన గోడలో ఒక పగులు పై నుంచి కింది దాకా ఉంది. అది పాతదో, ఇంకా కదులుతున్నదో తేల్చడానికి పగులుకు అడ్డంగా పలుచని గాజు ముక్కలను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అతికించి, పక్కన తేదీ రాశాం. పునాది కదిలితే గాజు పుటుక్కున విరుగుతుంది. డెల్టా నల్లమట్టి ఎండకు బీటలు వారి, వానకు ఉబ్బుతుంది కనుక వేసవి, వర్షాకాలం రెండూ గడిచాకే గాజు మాటను నమ్మాలి.

ఈ పరీక్షలన్నీ కలిపి నేను అన్నయ్యకు ఇచ్చిన అభిప్రాయం సూటిగానే ఉంది. ఎముకల గూడు గట్టిది, గోడల్లో ఉప్పు ఉంది, కప్పు బాగుపడుతుంది. స్ట్రాంగ్ రూముకు మాత్రం ఓపిక కావాలి. కొనమని చెప్పాను.

మే, జూన్: రిజిస్ట్రేషను, పూడిపోయిన మెట్లు, కప్పు పని

వారసులందరి సంతకాలు, అమెరికా నుంచి వచ్చిన పత్రం సకాలంలో అంది, మే మొదట్లో రిజిస్ట్రేషను పూర్తయింది. మృగశిర కార్తె లోపల కప్పు పని ముగించాలని, రోళ్లు పగిలే రోహిణి ఎండలోనే మొదలుపెట్టాం.

దానికి ముందు ఒక సంగతి బయటపడింది. నమూనాలో వీధి నుంచి వరండాకు అయిదు మెట్లు ఉన్నాయి. మాకు కనిపించినవి మూడు. గోడ వెంబడి తవ్వితే మిగిలిన రెండు మెట్లు చెక్కుచెదరకుండా మట్టిలో దొరికాయి. పాత రోడ్డును చెక్కకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే ప్రతి పట్టణంలోనూ జరిగేదే ఇక్కడా జరిగింది. వీధి పైకి లేచి, మేడ అరుగు కిందికి దిగినట్లయింది, వాన నీరు గోడ మొదట్లో నిలవడం మొదలైంది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో సుమారు 30 వేల మందిని పోగొట్టుకున్న ఊరు ఇది. ఎత్తైన అరుగు ఇక్కడ దర్జా కోసం కట్టుకునేది కాదు. మేడ చుట్టూ మూరెడు వెడల్పున మట్టి తీయించి, పాత మట్టం దాకా గోడకు గాలి తగిలేలా కాలువ చేసి, అడుగున పెద్ద కంకర పరిచాం. ఆ కాలువ నీరు వీధి కాలువలో కలవాలి గాని, వీధి కాలువ అడుగు మా కాలువ కన్నా ఎత్తున ఉంది. ప్రస్తుతానికి వెనక మూలన ఒక గుంట కట్టించి, నీరు చేరినప్పుడు మోటారుతో తోడిస్తున్నాం.

కప్పు పనికి వచ్చిన పెద్ద మేస్త్రిగారు తండ్రి దగ్గర దిమ్మిస పని నేర్చుకున్న మనిషి. పిడుగురాళ్ల నుంచి తెప్పించిన బట్టీ సున్నాన్ని తొట్టిలో నీళ్లలో వేసినప్పుడు అది బుసలు కొట్టి ఉడికే తీరును చూసే మంచిదో కాదో చెప్పారు. విరిగిన సున్నాన్ని జల్లించి, వెన్నలా అయ్యేదాకా వారాల తరబడి నీళ్ల కిందే ఉంచాం. కంకరకు వాడే నీటిలో కరక్కాయ, బెల్లం నానబెట్టాలని ఆయన పట్టుబట్టారు. కరక్కాయలోని వగరు, బెల్లంలోని తీపి సున్నాన్ని తొందరగా బిగుసుకోనివ్వక, కొట్టడానికి వ్యవధి ఇచ్చి, తరువాత గట్టిపరుస్తాయి. కరక్కాయల కోసం బజారుకు వెళ్లే పని పడలేదు. కలంకారీ బట్టకు ముందుగా పట్టించేది కరక్కాయ రసమే. నల్ల రంగు తీసేది తుప్పు ఇనుమును బెల్లపు నీళ్లలో పులియబెట్టి. అన్నయ్య సరుకు గదిలోని బస్తాయే మేస్త్రిగారి తొట్టిలోకి వచ్చింది.

కంకర పరిచాక ఆడవాళ్లు రెండు వరుసల్లో ఎదురెదురుగా కూర్చుని, చెక్క దిమ్మిసలతో లయగా కొడుతూ, బెల్లపు నీళ్లు చిలకరిస్తూ ముందుకు జరిగారు. దిమ్మిస ఎగిరిపడే దాకా, అంటే కింద పొర ఇక దిగనంటూ దెబ్బను తిప్పికొట్టే దాకా కొట్టాలి. "దెబ్బలు తిన్న కొద్దీ గట్టిపడుతుందమ్మా, మధ్యలో ఆపితే మాత్రం జన్మంతా కారుతూనే ఉంటుంది" అన్నారు మేస్త్రిగారు. మూలన చివికిన రెండు దూలాల అతుకు అంతకు ముందే పూర్తయింది. పిట్టగోడ మొదట్లో నీరు నిలవకుండా సున్నంతో గుండ్రటి వాలు కట్టి, పెంకులు పరచడం ముగిసిన వారానికి తొలకరి పడింది. కప్పు ఎక్కడా కారలేదు.

జులై నుంచి సెప్టెంబరు: స్ట్రాంగ్ రూము

సిమెంటు పూతను కరెంటు సుత్తితో కొట్టనివ్వలేదు. ఆ అదురుకు కింద ఉన్న ఇటుక కూడా రాలిపోతుంది. ఉలి, చిన్న సుత్తితో ఒక్కొక్క పెచ్చూ ఒలిపించాం. నగదు కిటికీ పక్కన ఇలా ఒలుస్తుండగా, పాత వెల్ల పొరల కింద ఎర్ర రంగుతో చేత్తో రాసిన అక్షరాలు కనిపించాయి. "నగదు" అన్నంత వరకు నిలిచింది, తరువాతి భాగం సిమెంటుతో పాటే ఊడిపోయింది. ఆ గచ్చు ముక్క గోడ నుంచి విడివడి ఉంది కనుక అంచుల వెంట పలుచని సున్నపు పాలను సూదితో ఎక్కించి, పలక ఆనించి ఒత్తి ఉంచాం. ఇప్పుడు గోడకు అతుక్కుని గట్టిగా ఉంది. ఆ అక్షరాలను కొత్త రంగుతో పూరించడానికి నేను ఒప్పుకోలేదు.

స్ట్రాంగ్ రూములో మొదటి పని గాలి సందు తెరవడం. తలుపు బార్లా తీసి, సందుకు సన్నటి స్టెయిన్‌లెస్ జాలీ బిగించి, లోపల ఒకటి, వరండాలో ఒకటి తేమ మీటర్లు పెట్టాం. కొన్ని వారాలకే లోపలి అంకె బయటి అంకెతో పాటు కదలడం మొదలైంది. అంతకు ముందు బయట ఎండ కాసినా లోపల తేమ దిగేది కాదు.

తరువాత ఉప్పు తీయడం. కాగితపు గుజ్జును శుభ్రమైన నీటితో పిసికి, చిటికెన వేలి మందాన గోడకు పట్టించాం. గోడ మొదట నీటిని పీల్చుకుంటుంది, ఉప్పు అందులో కరుగుతుంది. గుజ్జు ఆరే కొద్దీ ఆ ఉప్పునీరు గుజ్జులోకి వచ్చి అక్కడే పలుకులు కడుతుంది. పూర్తిగా ఆరాక అట్టలా ఊడదీసి, ఒక చదరపు ముక్కను నీళ్లలో నానబెట్టి మీటరుతో కొలిచి, మిగతాది ఊరవతల పారేసి, మళ్లీ కొత్త గుజ్జు పట్టించాలి. వానాకాలంలో గుజ్జు ఆరడం నెమ్మది కనుక గదిలో ఫ్యాన్లు తిప్పాం. ప్రతి విడతకూ అంకె తగ్గుతూ వచ్చింది గాని, నడుము ఎత్తున బస్తాలు ఆనిన చోట ఇంకా మొండిగానే ఉంది. రెట్టింపు మందపు గోడ లోపలి ఉప్పు అంతా బయటికి వస్తుందని నేను ఆశించడం లేదు. పైన పూసే గచ్చును బతకనిచ్చేంత వరకు తగ్గితే చాలు.

మిగతా మేడ కప్పులా కాక, ఈ గది పైకప్పులో మాత్రం రైలు పట్టాల నడుమ ఇటుక కమానులు ఉన్నాయి. పట్టాల కింది అంచు తుప్పు పట్టి ఉబ్బి, కమాను ఇటుకలను అక్కడక్కడ పక్కకు నెట్టింది. ఇనుము తుప్పుగా మారితే పరిమాణం ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆ ఒత్తిడికి ఇటుక తాళదు. వైరు బ్రష్షులతో తుప్పు రాల్చి, మిగిలిన ఇనుము మందం కొలిచి చూస్తే బరువు మోయడానికి కావలసిన దానికన్నా ఎక్కువే ఉంది. దొంగ పైనుంచి తవ్వకుండా వేసిన కప్పు కనుక మొదటే అవసరానికి మించి వేశారు. జింకు ప్రైమరు పూసి, వదులైన ఇటుకలను సున్నంతో తిరిగి కూర్చాం.

ఖరీదైన పాత కలంకారీ బట్టలను ఈ గదిలోనే భద్రపరచాలని అన్నయ్య కోరిక. నేను వద్దన్నాను. పటిక, ఇనుము వాడి అద్దిన బట్టకు చెమ్మగిల్లే గోడ మంచిది కాదు. ఇనుపనలుపు పడిన చోట బట్ట ముందే బలహీనంగా ఉంటుంది. దాని బదులు పై అంతస్తులో, తూర్పు గాలి ఆడే గదిలో టేకు బీరువాలు పెట్టడానికి నిర్ణయమైంది. స్ట్రాంగ్ రూమును కూల్చి హాలులో కలిపేస్తే చోటు పెరుగుతుందన్న సలహా కూడా కొందరి నుంచి వచ్చింది. ఆ గది ఒక్కటీ తీసేస్తే ఇది బందరులోని పాత ఇళ్లలో మరొక ఇల్లు మాత్రమే అవుతుంది. దానిని ఖాళీగానే, వచ్చినవారు లోపలికి వెళ్లి చూసేలా ఉంచుతున్నాం.

అక్టోబరు: ఇప్పటికి ఎక్కడున్నాం

హాలులోనూ, వరండాలోనూ కొత్త గచ్చు మొదటి పొర పూర్తయింది. ఒక పాలు సున్నానికి ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్లు కడిగిన కృష్ణా ఇసుక కలిపాం. ఇటుక పొడి ఉంటే తేమ గాలిలోనూ సున్నం బిగుస్తుంది. లోపలి గోడలకు కరక్కాయ, బెల్లం వాడలేదు. ఎండ తగలని చోట బెల్లపు గచ్చుకు బూజు పడుతుందని నా భయం, మేస్త్రిగారు కూడా కాస్త వాదించి ఒప్పుకున్నారు. ఉప్పు ఎక్కువున్న గోడలకు మాత్రం ఇటుక పొడి లేకుండా, ఇసుక ఎక్కువగా వేసిన మెత్తటి గచ్చు పూశాం. లోపల మిగిలిన ఉప్పు ఇటుకను వదిలి ఆ గచ్చులోకి రావాలి, అది పాడైతే ఒలిచి మళ్లీ పూయాలి. కొన్నేళ్లకొకసారి ఆ ఖర్చు ఉంటుందని అన్నయ్యకు ముందే చెప్పి లెక్కలో రాయించాను. పైన ప్లాస్టిక్ రంగులు వద్దు, వెల్ల మాత్రమే.

మెట్ల పక్క పగులుకు అతికించిన గాజు ముక్కలు వేసవినీ, నైరుతి వానలనూ దాటి విరగకుండా ఉన్నాయి. ఇనుప తలుపు కీలులో నూనె పోసి కదిలించాం, తాళపు భాగాన్ని ఇంకా విప్పలేదు. తయారీదారు పేరు పలక తుప్పులో చెరిగిపోయింది కనుక అదే తరహా తాళాలు తెలిసిన పనివాడి కోసం విజయవాడలో వాకబు చేస్తున్నాం. తుపానుల కాలం మొదలైంది, పై అంతస్తు కిటికీ రెక్కలకు అడ్డగడియలు కొత్తవి బిగించాం. వెనక గుంటలో మోటారుకు కరెంటు పోయినప్పుడు నడిచే ఏర్పాటు ఈ వారంలోనే చేయాలి. ఈశాన్య వానలు తగ్గాక, డిసెంబరులో, మార్చిలో తొలిచిన చోట్లకు పక్కనే, అవే ఎత్తుల్లో మళ్లీ పొడి తీసి కొలుస్తాం. స్ట్రాంగ్ రూముకు గచ్చు ఎప్పుడు పూయాలో, ఇంకొన్ని విడతలు కాగితపు గుజ్జు పట్టించాలో ఆ అంకెలను బట్టి నిర్ణయిస్తాం.